మెల్‌బోర్న్‌లో పదో మనిషి

ఆస్ట్రేలియా వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ అడిగేది ఒకటే, కంగారూని చూశావా అని. చూశాను. రైలు కిటికీలోంచి, దూరంగా, మూడో నాలుగో గడ్డి మేస్తున్నాయి. ఆవుల్ని చూసినట్టే చూశాను. ఆ ముచ్చట అక్కడితో సరి.

నేను వెళ్లింది వేరే పని మీద. పంతొమ్మిదో శతాబ్దంలో తూర్పు యూరప్‌లో, మంచు కురిసే ఏదో చిన్న ఊళ్లో బతికిన ఒక యూదు రబ్బీ ప్రసంగాల కోసం వెళ్లాను. రబ్బీ అంటే యూదుల గురువు. గుంటూరు జిల్లా మాదిగపల్లెలో పుట్టిన తెలుగు మాస్టారికి ఆయనతో ఏం పని అని మీకు అనిపిస్తే తప్పు లేదు. సిడ్నీ విమానాశ్రయంలో అధికారి కూడా అదే అడిగాడు, కాస్త మర్యాదగా.

మా పల్లెలో కొన్ని కుటుంబాల వాళ్లం శనివారం పని ముట్టం, పంది మాంసం తినం, వచ్చినంతలో హీబ్రూలో ప్రార్థన చేసుకుంటాం. మేం యూదులం అని మా పెద్దల మాట. నమ్మేవాళ్లు నమ్ముతారు, నవ్వేవాళ్లు నవ్వుతారు. మా నాన్న ఒకసారి విజయవాడ పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాడు. అందులో ఈ రబ్బీ ప్రసంగాలున్నాయి. నాన్న నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, శనివారానికొకటి మా ప్రార్థన గదిలో తెలుగు చేసి చెప్పేవాడు. రబ్బీ అనడు, ‘పెద్దాయన’ అనేవాడు. పెద్దాయన ఇట్లా అన్నాడు, పెద్దాయన అట్లా తిట్టాడు అని, పక్కూళ్లో ఉండే బంధువు గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

వాటిలో నాన్నకు బాగా ఇష్టమైనది చర్మకారుడి ప్రసంగం. చలికాలం సాయంత్రం ప్రార్థన మందిరంలో తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. పదిమంది మగవాళ్లు లేకపోతే యూదులకు సామూహిక ప్రార్థన లేదు. పదోవాడు ఉన్నాడు గానీ గుమ్మం బయట ఉన్నాడు. తోళ్లు పదును చేసేవాడు, ఒంటి మీద వాసన వస్తుందని లోపలికి రానివ్వరు. బయటే నిలబడి ప్రార్థన వింటాడు, ఆమెన్ అనాల్సిన చోట ఆమెన్ అంటాడు. లోపలివాళ్లు పదోవాడి కోసం ఎదురు చూస్తూనే ఉన్నారు. అప్పుడు రబ్బీ లేచి, మందిరంలోని గ్రంథపు చుట్టను చేతుల్లోకి తీసుకున్నాడు. “మీరు రోజూ ముద్దు పెట్టుకునే ఈ చుట్ట తోలే. అతని చేతుల్లోంచి వచ్చిన తోలు. దీనికీ ఒకప్పుడు ఆ వాసన ఉండేది. మీరు మనుషుల్ని ముక్కుతో లెక్కపెడుతున్నారు. ఇన్నేళ్లుగా ఈ మందిరంలో అందరికంటే గట్టి ఆమెన్ గుమ్మం బయటి నుంచే వస్తోంది” అన్నాడు.

మా తాత పోలయ్య తోళ్లు పదును చేసి చెప్పులు కుట్టినవాడు. నాన్న ఈ ప్రసంగం చెప్పిన ప్రతిసారీ చివర్లో కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. “మంచు దేశంలో ముసలాయనకి మన పోలయ్య సంగతి ఎట్టా తెలిసిందిరా” అనేవాడు.

నాన్న పోయి ఏడాదవుతోంది. ఆయన చెప్పిన ప్రసంగాలన్నీ నేను రాసి పెట్టుకున్నాను, వాటిలో కొన్ని చదువుతుంటే సెలవుకి ఊరొచ్చిన మా మేనకోడలు రూతు ఫోన్లో తీసి నెట్‌లో పెట్టింది. మెల్‌బోర్న్‌లో డేవిడ్ గారని రిటైరైన కళ్ల డాక్టరు ఒకాయన దాన్ని చూశాడు. ఆయనా, ఆయన స్నేహితులూ వారానికోసారి కూర్చుని ఇదే రబ్బీ రచనలు చదువుకుంటారట. ‘ప్రియ సోదరా’ అని మొదలుపెట్టి, వచ్చి మాకు ఒక ప్రసంగం మీ భాషలో వినిపించండి అని రాశాడు. ఆ మాట చూసి మా పల్లె పెద్దలు ఒకరి చేతిలోంచి ఒకరు ఫోన్ తీసుకున్నారు.

ఆయన రమ్మన్న రోజు సాయంత్రంతోనే నాన్న తిథి మొదలవుతుంది. ఆ రోజు కొడుకు నిలబడి కడ్డీష్ చెప్పాలి. కడ్డీష్ ఒక స్తోత్రం. అందులో చావు మాటే ఉండదు, పోయినవాళ్ల పేరూ ఉండదు, దేవుణ్ణి కీర్తించడమే ఉంటుంది. కానీ పదిమంది ఉంటే తప్ప చెప్పకూడదు. పెద్దాయన ప్రసంగాలు చదివేవాళ్ల మధ్య నిలబడి, అసలైన మందిరంలో, నాన్న కోసం కడ్డీష్ చెప్తాననుకుని బయల్దేరాను. నా ఆశ అంతా అదే. నా భార్య మంగళగిరి బట్టతో తల మీద పెట్టుకునే చిన్న టోపీ ఒకటి కొత్తది కుట్టి ఇచ్చింది.

హారిస్ పార్క్

రూతు సిడ్నీలో హారిస్ పార్క్‌లో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. స్టేషన్ దిగి బయటికొస్తే గుంటూరు బ్రాడీపేటలో దిగినట్టే ఉంది. పచ్చళ్ల సీసాలు, మిఠాయి కొట్లు, చీరలు కట్టిన బొమ్మలు, ఫుట్‌పాత్ మీద నిలబడి వీసా గురించి మాట్లాడుకునే కుర్రాళ్లు. తేడా అల్లా మసాలా దోసె దగ్గరే. పద్దెనిమిది డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చుకుని తింటే గొంతు దిగదు, అందుకని మార్చుకోవడం మానేశాను.

రూతు డ్యూటీకి వెళ్లిన పూట నేనొక్కణ్ణే టిఫిన్ హోటల్‌కి వెళ్లాను. పక్క టేబుల్ దగ్గర అరవై దాటిన పెద్దమనిషి, ఒంటరిగా ఇడ్లీ తింటున్నాడు. హోటల్ కుర్రాళ్లు ప్రసాద్ అంకుల్ అని పిలుస్తున్నారు. నా తెలుగు విని కుర్చీ ఇటు జరుపుకున్నాడు. హోటల్‌వాడు చికెన్ బిర్యానీ బావుంటుంది సర్ అంటే నేను మాంసం వద్దన్నాను. మా పద్ధతిలో కోసిన మాంసం కాకపోతే మేం తినం, అందుకని ప్రయాణాల్లో శాకాహారమే. ఆయన దాన్ని వేరేగా అర్థం చేసుకున్నాడు.

“ఈ రోజుల్లో ఇంత నిష్ఠ ఎక్కడుందండీ మాస్టారూ. మావాడు వీకెండ్ వస్తే చాలు, బ్యాక్‌యార్డ్‌లో బార్బెక్యూ, బీఫూ బీరూ. చెప్తే చిల్ డాడ్ అంటాడు. సండే మా ఇంట్లో వ్రతం ఉంది, మీలాంటివాళ్లు తప్పకుండా రావాలి.”

వస్తానని అన్లేదు, రానని అన్లేదు. ఆయన మాత్రం నాకు కాఫీ చెప్పాడు, అడక్కుండానే మైసూర్ పాక్ తెప్పించాడు. గుంటూరు జిల్లా అనగానే మొహం ఇంకా విప్పారింది. అప్పుడు అడిగాడు, నేను ఎదురు చూస్తూనే ఉన్న ప్రశ్న.

“ఇంటిపేరేంటండీ మీది?”

చెప్పాను. ఆయన “ఓహో” అన్నాడు. ఊరు మళ్లీ అడిగాడు, ఊళ్లో ఎటువైపు అని అడిగాడు. ఆ తర్వాత కాఫీ గబగబా తాగేశాడు. “ఇక్కడ అవన్నీ ఎవరూ పట్టించుకోరండీ. వుయ్ ఆర్ ఆల్ ఇండియన్స్ హియర్” అన్నాడు, నేనేమీ అనకుండానే. వ్రతం టైమ్ కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు, నా నెంబరు మాత్రం తీసుకోలేదు. సముద్రాలు దాటి వచ్చి కూడా ఇంటిపేరుకి ఇంత పదును మిగిలిందంటే మెచ్చుకోవాల్సిందే. మైసూర్ పాక్ వదల్లేదు నేను, బావుంది.

రాత్రి భోజనాల దగ్గర చెబితే రూతు పెద్దగా ఆశ్చర్యపోలేదు. “మావయ్యా, ఇక్కడ ఫస్ట్ క్వశ్చన్ అదే. రూమ్ రెంట్‌కి వెళ్లినా అదే. నేను సింపుల్‌గా హాస్పిటల్ పేరు చెప్పేస్తా. నువ్వేం మనసులో పెట్టుకోమాక, మెల్‌బోర్న్‌లో నీ వాళ్లు నీకు ఉన్నారుగా” అంది.

నా వాళ్లు. ఆ మాట పట్టుకుని మర్నాడు రైలెక్కాను.

రైల్లో

విమానం చవకే గానీ దేశం చూడాలని రైల్లో వెళ్లాను. రోజంతా ప్రయాణం. చూడ్డానికి గడ్డి, గొర్రెలు, మళ్లీ గడ్డి. మనిషి కనపడడు. మన దగ్గర అంత నేల ఖాళీగా ఉంటే పొద్దుగూకేలోపు నాలుగు కేసులు పడతాయి.

ఎదురు సీట్లో రే అని ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎర్రటి మొహం, మోటు చేతులు. టిఫిన్ డబ్బా విప్పి బ్రెడ్డు, చిన్న సీసా నాకూ ఇచ్చాడు. సీసాలో నల్లగా చిక్కగా ఉన్నది చింతపండు గుజ్జనుకుని చెంచా నిండా తీసి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అది బ్రెడ్డు మీద పల్చగా రాసుకోవాల్సిన సరుకట. రే నవ్వి నవ్వి, నీళ్ల సీసా అందించాడు.

ఏం చేసేవాడివని అడిగితే గొర్రె తోళ్లు కొని అమ్మేవాణ్ణన్నాడు. ఇప్పుడు ఎవడూ కొనడం లేదట, చాలాచోట్ల తోళ్లు పూడ్చి పెట్టేస్తున్నారట. ఆ మాట అంటూ అతను నిజంగా బాధపడ్డాడు. “మంచి తోలు అది. చేతకానివాళ్లు పాడు చేస్తున్నారు” అన్నాడు.

మా తాత కూడా తోళ్లు పదును చేసేవాడు అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందో నాకే వింతగా ఉంది. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక్కసారి కూడా స్టాఫ్ రూమ్‌లో ఆ మాట గొంతు తగ్గించకుండా అన్లేదు. రే ముందుకు వంగి కరచాలనం చేశాడు. దేంతో నానబెట్టేవాడు, ఎన్నాళ్లు నానబెట్టేవాడు అని అడిగాడు. తంగేడు చెక్కతో అని చెప్పాను. తంగేడు ఏమిటో అతనికి తెలీదు, వాళ్ల వైపు తుమ్మ జాతి చెట్టు బెరడు వాడేవాళ్లట. సాయంత్రం దాకా ఇద్దరం తోళ్ల గురించే మాట్లాడుకున్నాం. ఆ రైలు దిగినప్పుడు నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే జాలి వేస్తోంది.

డాక్టరు గారి ఇల్లు

డేవిడ్ గారు స్టేషన్‌కి స్వయంగా వచ్చారు. పొడుగ్గా, సన్నగా, మాట మెత్తగా ఉండే మనిషి. నన్ను కావలించుకుని “సోదరా” అన్నారు. ఉత్తరంలో రాయడం వేరు, నోటితో అనడం వేరు. నా కళ్లు చెమర్చింది చలికి అనుకున్నారేమో, కారులో నా కాళ్ల వైపు వేడి గాలి పెట్టారు.

ఇంట్లో ఆయన భార్య మిరియం గారు వంట చేసి ఉంచారు. కోడి సూపు, గుడ్డు వేసి జడలా అల్లిన రొట్టె. మా పద్ధతిలో కోసిన కోడి, ఊరు దాటిన తర్వాత మొదటిసారి మాంసం తిన్నాను. వంటింట్లో రెండు సింకులు, రెండు జతల గిన్నెలు ఉన్నాయి. మాంసం గిన్నె పాల గిన్నెను తాకకూడదు. ఆవిడ చూపిస్తుంటే మా ఊరి హోటల్లో మాకోసం విడిగా బయట పెట్టిన గాజు గ్లాసులు గుర్తొచ్చాయి. అవి మేమే కడిగి బోర్లించాలి. ఇక్కడ వేరు చేసింది వస్తువుల్ని కదా, మనుషుల్ని కాదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మర్నాడు సాయంత్రానికి నాన్న తిథి అని నేను ఉత్తరంలో రాసిన ఒక్క ముక్క మిరియం గారికి ఎలా గుర్తుందో, గాజు గ్లాసులో పోసిన మైనం దీపం ఒకటి కొని ఉంచారు. రోజంతా వెలుగుతుంది. పొద్దు వాలే ముందు వెలిగించమని వంటింటి గట్టు మీద చోటు చేసి ఇచ్చారు. తర్వాత జరిగిందంతా చెప్పేటప్పుడు ఈ దీపాన్ని దాచడం న్యాయం కాదు. వాళ్లు మంచివాళ్లు. మంచివాళ్లు కాకపోయి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు.

మందిరం

వాళ్ల మందిరం చిన్నది. పెంకుటిల్లంత ఉంటుంది. ముందు గదిలో బల్ల చుట్టూ చదువరులు కూర్చున్నారు. అందరూ అరవై పైబడినవాళ్లే. ఎవరి ముందు వాళ్ల ఇంగ్లీషు కాయితాలు, మధ్యలో టీ, బిస్కట్లు. నేను వేరే ప్రసంగం ఒకటి, రొట్టె పంచుకోవడం గురించి ఉన్నది, సిద్ధం చేసుకుని వెళ్లాను. చర్మకారుడిది చదివితే ఏదో అడుక్కున్నట్టు ఉంటుందని నా ఉద్దేశం. వాళ్లే పట్టుబట్టారు, అదే కావాలన్నారు.

చదివాను. నాన్న ఆగిన చోట ఆగాను. “మీరు మనుషుల్ని ముక్కుతో లెక్కపెడుతున్నారు” అన్నచోట ఇంగ్లీషు కాయితంలో వేలు పెట్టుకుని వింటున్నవాళ్లు తలలూపారు, ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఎంత మెత్తటి భాష మీది అన్నారు. మా తాత చర్మకారుడని చెప్పాను. డేవిడ్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, “పెద్దాయన మాట గుంటూరు దాకా వెళ్లిందంటే ఇంతకంటే ఏం కావాలి” అన్నారు. ఆ క్షణాన నాన్న ఉంటే బావుండునని నాకు ఏడుపొచ్చింది.

పొద్దు వాలుతోంది. ప్రార్థన హాల్లోకి వెళ్లాం. కొంతమంది ఇంటికి వెళ్లిపోయారు, మోకాళ్ల నొప్పులు, చలి. మోరీ అనే ఎనభై దాటిన ఆయన అక్కడ అన్నీ చూసుకుంటాడు. ఆయన లేచి లెక్క మొదలుపెట్టాడు.

ఈ లెక్క సంగతి చెప్పాలి. మేం మనుషుల్ని ఒకటి, రెండు అని అంకెలతో లెక్కపెట్టం, అది దోషం. కీర్తనల్లోని ఒక వాక్యంలో సరిగ్గా పది మాటలున్నాయి. ఆ వాక్యం చెబుతూ ఒక్కో మాటకి ఒక్కో మనిషి మీద వేలు ఆనించినట్టు చూపిస్తారు. పదో మాట పలికితే ప్రార్థన మొదలు. ఆ పదో మాటకి ‘ఎప్పటికీ’ అని అర్థం. మా పల్లెలో నాన్నే లెక్కపెట్టేవాడు, చివరి మాట తన గుండె మీద వేలు పెట్టుకుని అనేవాడు. ఆ వాక్యం మెల్‌బోర్న్‌లో ఒక ముసలాయన నోటి నుంచి, మా నాన్న పలికినట్టే కొంచెం రాగం తీస్తూ వినపడేసరికి నాకు ఒళ్లు జలదరించింది.

మోరీ వేలు ఒక్కొక్కరి మీదుగా వస్తోంది. నా ఎడమ పక్కాయన దగ్గరికి ఎనిమిదో మాట వచ్చింది. నేను నిటారుగా నిలబడ్డాను. వేలు నన్ను దాటి, నా కుడి పక్క డేవిడ్ గారి మీద తొమ్మిదో మాట పెట్టింది. అక్కడ ఆగిపోయింది. మోరీ తలుపు వైపు చూశాడు.

“ఒకరు తక్కువ. జోష్‌కి ఫోన్ చెయ్యండి” అన్నాడు.

ముసలాయనకి చూపు ఆనలేదనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. “నేనున్నానండీ” అని చెయ్యి కూడా ఎత్తాను, బళ్లో హాజరు చెప్పే పిల్లాడిలా. డేవిడ్ గారు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు.

“మీకు తెలుసనుకున్నాను” అన్నారు. మొహం ఎర్రబడిపోయింది. “తల్లి యూదురాలై ఉండాలి, లేదా పద్ధతి ప్రకారం మతం పుచ్చుకుని ఉండాలి. మీ వాళ్ల సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. దానికో దారి ఉంది. ఏడాదో రెండేళ్లో చదువుకుని, ముగ్గురు పెద్దల ముందు నిలబడి, మారవచ్చు.”

“దేంట్లోంచి మారాలండీ?” అని అడిగాను.

ఆయన తల మీద టోపీ సర్దుకున్నారు. నేను ఊరుకోలేక చర్మకారుడి మాట ఎత్తాను, ఇప్పుడే కదా అందరం విన్నాం అన్నాను.

“ఆ చర్మకారుడు యూదు తల్లి బిడ్డ. అతన్ని బయట నిలబెట్టడం వాళ్ల తప్పు. ఇది వేరు, సోదరా” అన్నారు ఆయన.

ఆయన చెప్పింది వాళ్ల శాస్త్రం ప్రకారం నిజమే. దాంట్లో తప్పు పట్టడం నాకు చేతకాలేదు, అందుకే ఒళ్లు మండిపోయింది. ప్రసాద్ అంకుల్ తండ్రి వైపు అడిగాడు, వీళ్లు తల్లి వైపు అడుగుతున్నారు. ఏ వైపు నుంచి వచ్చినా నేను నిలబడే చోటు మాత్రం మారడం లేదు. మా అమ్మ బతికుండగా శనివారం పొయ్యి రాజేయలేదు. ఒక రోజు ముందు వండిన చల్లటి అన్నం పెట్టి పెంచింది మమ్మల్ని. ఆ మాట అక్కడ ఎవరికి చెప్పను?

జోష్ వచ్చాడు. పక్క వీధిలో కాఫీ కొట్టు నడుపుతాడట, నలభై ఏళ్లుంటాయి. మెడకి ఫుట్‌బాల్ జట్టు మఫ్లర్, చేతికి అంటిన కాఫీ పొడి. గుమ్మం దగ్గర డబ్బాలోంచి కాయితం టోపీ ఒకటి తీసి నెత్తిన పెట్టుకున్నాడు. నన్ను చూసి సంగతి గ్రహించినట్టున్నాడు, నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

“నాకు దేవుడంటే నమ్మకం లేదు, మేట్. ఆ సంగతి వీళ్లకి తెలుసు. వీలుంటే నా చోటు నీకు ఇచ్చేసి కొట్టుకి వెళ్లిపోయేవాణ్ణి, నిజంగా.”

ఆ సాయంత్రం నాతో సూటిగా మాట్లాడినవాడు అతనొక్కడే. మోరీ అతని మీద వేలు పెట్టి పదో మాట పలికాడు.

గుమ్మం

ప్రార్థన మొదలుపెట్టే ముందు మోరీ నా దగ్గరికి నడిచొచ్చాడు. తన భార్య కోసం ఆ రోజు తానూ కడ్డీష్ చెప్పాలట. “మీ నాన్నని కూడా నా మనసులో తలుచుకుని చెప్తాను. ఆయన పేరు చెప్పు” అన్నాడు. గొంతులో దయ ఉంది. నేను కాదనలేకపోయాను.

“షమూయేలు.”

“ఎవరి కొడుకు?”

“పోలయ్య కొడుకు.”

మోరీ ఆ పేరు రెండుసార్లు పలకబోయి ఆగిపోయాడు. డేవిడ్ గారు పక్కనుంచి సాయం చేద్దామనుకున్నారు. “ఇలాంటప్పుడు అబ్రహాము కొడుకు అనుకుంటారు మోరీ. బయటి నుంచి వచ్చినవాళ్లందరికీ అదే పద్ధతి” అన్నారు.

స్తోత్రంలో పేరే ఉండదని ముందే చెప్పాను కదా. పైకి పలికేది లేదు, రాసేది లేదు. మోరీ తన మనసులో అనుకోవాలి, అంతే. ఆ మనసులో కూడా మా తాతకి చోటు లేకపోయింది. పోలయ్య తోళ్ల వాసనతో బతికాడు, ఆ సంపాదనతో నాన్నకి నాలుగక్షరాలు చెప్పించాడు, ఆ అక్షరాలతోనే నాన్న వీళ్ల పెద్దాయన్ని చదువుకున్నాడు. ఆ పోలయ్యని తీసేసి అక్కడ అబ్రహామును కూర్చోబెడితే మా నాన్న ఎవరవుతాడు?

“అయితే వద్దండి” అన్నాను.

మోరీకి అర్థం కాలేదు. డేవిడ్ గారికి అర్థమైంది, తల దించుకున్నారు. నేను హాల్లోంచి బయటికి నడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఎవరూ పొమ్మన్లేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. వెనక కుర్చీ చూపించారు కూడా. నాకే కూర్చోబుద్ధి కాలేదు. బయట సన్నటి వాన పడుతోంది. లోపలి నుంచి మోరీ గొంతు వణుకుతూ కడ్డీష్ అందుకుంది. నాకు కంఠతా వచ్చిన మాటలే, నేను చెప్పాల్సిన మాటలే. ఆమెన్ అనాల్సిన చోటు వచ్చినప్పుడు లోపల పదిమందీ అన్నారు, జోష్ కాస్త ఆలస్యంగా అన్నాడు.

పెద్దాయన ప్రసంగంలో చర్మకారుడు బయట నిలబడి ఆమెన్ అన్నాడు. అందరికంటే గట్టిగా అన్నాడు. నేను అన్లేదు. పళ్లు బిగబట్టి నిలబడ్డాను. ఆ గట్టి ఆమెన్ లోపలివాళ్లకి కథగా ఎంత బావుంటుందో గంట ముందే కళ్లారా చూశాను కదా.

ఇంటికి తిరిగొస్తే గట్టు మీద నాన్న దీపం వెలుగుతోంది. డేవిడ్ గారు మేడ మీది గదిలోకి వెళ్లిపోయారు. మిరియం గారు సూపు వేడి చేసి నా ముందు పెట్టి, “నన్ను కూడా ఎన్నడూ లెక్కపెట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచీ వెనక వరసలోనే కూర్చున్నాను” అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు, ఆ మాటలో ఆవిడ బాధా ఉంది. కానీ ఆవిణ్ణి లెక్కపెట్టకపోయినా ఆవిడ కడుపున పుట్టినవాణ్ణి లెక్కపెడతారు. మా అమ్మకి అదీ లేదు. సూపు తాగేసి, బావుందని చెప్పి పడుకున్నాను.

పొద్దున్నే విమానానికి బయల్దేరాను. దీపం ఇంకా వెలుగుతోంది. అది ఆరిపోయేదాకా ఉంచుతానని మిరియం గారు అన్నారు, ఉంచే ఉంటారు. డేవిడ్ గారు కారులో ఒక్కసారి కూడా సోదరా అన్లేదు. ఆ మాత్రం మొహమాటం ఉన్నందుకు సంతోషించాను.

మా ప్రార్థన గది

ఊళ్లో దిగాక వచ్చిన శనివారం మా పెద్దలు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. “మాస్టారూ, నాన్నగారి కడ్డీష్‌కి ఎంతమంది వచ్చారేంటి?” అని అడిగారు.

“పదిమంది” అన్నాను. అది అబద్ధం కాదు.

వాళ్లు సంబరపడిపోయారు. ఒకాయన పోలయ్య మనవడు ఆస్ట్రేలియా మందిరంలో నిలబడ్డాడని పక్కవాడికి చెప్పాడు. నిలబడిన మాట నిజమే కాబట్టి దాన్నీ నేను సరిదిద్దలేదు. నాన్న కోసం ఇక్కడ కూడా చెబుతానని మాత్రం అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

నాన్న పోయాక ఆ లెక్క నా వంతుకి వచ్చింది. ఒక్కో మాటకి ఒక్కో మనిషి మీద వేలు చూపిస్తూ వచ్చాను. పొలం పని మానుకుని వచ్చినవాడు, ఆటో నడిపేవాడు, చెప్పుల కొట్టువాడు, చెవులు వినపడని మా చిన్నాన్న. తొమ్మిది మాటలు అయిపోయాయి. పదో మాట నా గుండె మీద వేలు పెట్టుకుని పలికి, లేచి నిలబడి, పోలయ్య కొడుకు షమూయేలు కోసం కడ్డీష్ చెప్పాను. అప్పటికి నాన్న తిథి దాటిపోయింది. తిథి దాటాక, ఈ పదిమందితో చెప్పింది లెక్కలోకి వస్తుందా రాదా అని మెల్‌బోర్న్‌కి ఫోన్ చేసి అడగలేదు.